నాలుగో పట్టిక

కిషినావులో లైబ్రరీ హీటరు మళ్ళీ మొరాయించింది.
కోటు విప్పకుండానే చదువుతున్నాను
రాజకీయ అవినీతి మీద నలభై ఒక్క పేజీల వ్యాసం.
శుక్రవారానికి రెండు పేజీల స్పందన కావాలన్నారు మేడమ్ కూర్కన్.
స్పందన అంటే ఏడుపు కాదు, వాదన అని కూడా అన్నారు.

మొదటి పేజీలోనే కాలికి రాయి తగిలింది.
"ఎన్నికలకు ముందు వస్తువులు పంచబడతాయి."
ఎవరు పంచారు?
"నిధులు మళ్ళించబడ్డాయి."
ఎవడు మళ్ళించాడు, ఏ కాలవలోంచి ఏ మడిలోకి?
ఎంత శుభ్రమైన కర్మణి ప్రయోగం!
వాక్యమంతా గాలించినా కర్త దొరకడు.
మా పోలీసులకీ అంతే.

మా నాన్నమ్మ అగ్రిపీనాకి వ్యాకరణం రాదు.
అందుకే కర్తతోనే మొదలుపెడుతుంది:
"ఆ బట్టతలవాడు తిన్నాడు,
వాడి బావమరిది తిన్నాడు,
వంతెనకొచ్చిన సిమెంటుతో
చేపల చెరువుకి గట్టు పోసుకున్నాడు,
నీస్త్రు పొంగితే మనం మాత్రం పడవెక్కాలి."

పద్దెనిమిదో పేజీలో నాలుగో పట్టిక.
మా జిల్లా అందులో ఒక వరస,
నా చిటికెన వేలి గోరు వేస్తే కనపడదు.
ఓటుకి బదులుగా ఏమైనా అందుకున్నారా?
అవును: పదకొండు శాతం.
పక్కన ఒక చుక్క గుర్తు.
ఆ చుక్క కింద, చీమతలంత అక్షరాల్లో:
ఇంటింటికీ వెళ్ళి అడిగినది, జూలైలో.

జూలైలో.

ఆ అబ్బాయి నాకు గుర్తున్నాడు.
మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్,
మా కుక్కకి జడిసి గేటు బయటే నిలబడ్డాడు.
నాకప్పుడు పదిహేనేళ్ళు.
నాన్నమ్మ వాణ్ణి ద్రాక్షపందిరి కిందికి పిలిచి
పుల్లచెర్రీల కంపోత్ గ్లాసు నిండా పోసింది.
వాడు ప్రశ్న చదివాడు.
"లేదు నాయనా, మాకెవరిస్తారు?" అంది.
వాడు తెర మీద వేలితో తాకాడు.
చప్పుడైనా కాలేదు.
ఇంకో గ్లాసు అడిగి, ఎంత తియ్యగా ఉందో అన్నాడు.

ఎందుకుండదు?
ఎన్నికలకి నాలుగు రోజుల ముందు
వ్యాను దింపిపోయిన అయిదు కిలోల చక్కెర అది.
గుడ్డసంచి మీద వాడి నవ్వు.
మూతి విప్పి, ఇరవై సీసాలకి
గ్లాసుతో కొలిచి పోసింది నేనే.
తర్వాత నాన్నమ్మ ఆ సంచిని తిరగేసి ఉతికి,
నవ్వు లోపలికి పోయేలా,
పెరుగు వడగట్టడానికి కొయ్యకి తగిలించింది.

ఉప్పు తింటే విశ్వాసం అంటారు.
చక్కెర తింటే ఏమంటారో ఎవరూ చెప్పలేదు.
ఓటు వాడికే వేశావా అని అప్పుడే అడిగాను.
"తెర వెనక నేనూ దేవుడూ ఉన్నాం, మధ్యలో నువ్వెవరు?"
వేసే ఉంటుంది.
వెయ్యలేదంటే కథ ఇంకాస్త అందంగా ఉండేది.

ఇందాక మెట్ల మీదికెళ్ళి ఫోన్ చేశాను.
ఆ రోజు ఆ అబ్బాయితో అబద్ధమెందుకాడావు?
అటువైపు కోళ్ళ అరుపు, చాలాసేపు.
"వాడు మన గ్లాసులో తాగుతున్నాడు కదే.
తాగేవాడి ముందు ఎట్లా చెప్పను
అది ఎవడి చక్కెరో!"

తిరిగొచ్చి చూస్తే ముప్పై మూడో పేజీలో ఉంది,
నేను దాటుకుపోయిన ఒకే ఒక్క వాక్యం:
"సంకోచం వల్ల వాస్తవం కంటే తక్కువ నమోదై ఉండవచ్చు."
అంటే వాళ్ళకీ తెలుసు.
నాన్నమ్మ పేరు తెలీదు, అంతే.
ఆ సంకోచం కింద పెన్సిల్‌తో గీత గీశాను.
పదకొండు పక్కన ఏ అంకె వెయ్యాలో తెలీక
కాసేపు అలాగే పట్టుకు కూర్చున్నాను.

కాగితం తీశాను.
చక్కెర పంచబడింది.
కొట్టేశాను.
వాడు చక్కెర పంచాడు.
నిజమే, కానీ ఇంకా ఏదో ఊపిరాడటం లేదు.
నేను కొలిచి పోశాను.

కర్త దొరికింది.
శుక్రవారానికి ఇంకా ఒకటిన్నర పేజీ కావాలి.